అమ్మ ఉంటున్న హోమ్‌లో ఉగాది: నా అనుభవం

బెంగళూరులో యలహంక దాటాక ఉన్న ఒక కేర్ హోమ్‌లో మా అమ్మ ఉంటోంది. 2025 మార్చి 30, ఆదివారం, విశ్వావసు ఉగాదిని అక్కడి పెద్దవాళ్లందరితో కలిసి జరుపుకున్నాం. అప్పటినుంచి తెలిసినవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. తమ పెద్దవాళ్లు ఉండే హోమ్‌లో కూడా ఇలాంటిది పెట్టాలంటే ఎవరిని అడగాలి, ఎంతవుతుంది, అసలు ఒప్పుకుంటారా అని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాసేస్తే నయమనిపించింది.

అమ్మకు 81 ఏళ్లు. హిందూపురంలో టీచరుగా చేసి రిటైరైంది. తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉంది. నన్ను చూస్తే తన మనిషినని తెలుస్తుంది, పేరు మాత్రం ఒక్కోరోజు దొరకదు. హోమ్‌లో 40 మంది దాకా ఉన్నారు. కన్నడవాళ్లు ఎక్కువ, తర్వాత మనవాళ్లు, తమిళులు, కొందరు మలయాళీలు, ఒక సింధీ ఆవిడ. సిబ్బంది అందరినీ అజ్జీ, తాతా అనే పిలుస్తారు.

ఈ ఆలోచన పుట్టింది సంక్రాంతి నాటి కోపంలో. జనవరి 14 సాయంత్రం ఐదింటికి ఒక కంపెనీ వాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని వచ్చారు. పెద్ద స్పీకర్ పెట్టారు, సినిమా పాటలకు డాన్సులు చేశారు, సంక్రాంతికి కేకు కోయించారు. పెద్దవాళ్ల భుజాల మీద చేతులేసి ఫోటోలు దిగి ముప్పావుగంటలో వెళ్లిపోయారు. పిల్లలు మంచివాళ్లే, వాళ్లకెవరూ చెప్పలేదంతే. మతిమరుపు ఉన్నవాళ్లకు సాయంత్రం ఐదు దాటాక కంగారు ఎక్కువవుతుందని ఏ సిస్టర్‌ని అడిగినా చెబుతుంది. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. బస్సు పోతుంది, నా సంచీ ఏదీ అని తెల్లవారేదాకా తిరిగింది. పక్క గది ఆవిడ యూరిన్ గొట్టం లాగేసుకుంది.

జనవరి నెలాఖరున మేనేజర్ మేడమ్‌ని కలిసి ఉగాది మేం చేస్తామన్నాను. ఆమె ఎగిరి గంతేయలేదు. "వచ్చేవాళ్లు అందరూ బాగానే వస్తారు మేడమ్, మర్నాడు మేం పడతాం" అంది. ఏం పెడతారు, ఎవరెవరు వస్తారు, ఎంతసేపు, ఏదైనా అయితే ఎవరు బాధ్యులు అన్నీ కాగితం మీద రాసిమ్మంది. ఫిబ్రవరి 3న ఇచ్చాను. జవాబు 19న వచ్చింది. ఈ మధ్యలో రెండుసార్లు గుర్తుచేస్తే, వారానికోసారి వచ్చే డాక్టరు తిండి విషయం చూసి సరే అనాలి అన్నారు. మీరు చేయాలనుకుంటే కనీసం ఆరువారాల ముందు కదలండి. పండగ పదిరోజుల్లోకి వచ్చాక అడిగితే ఏ హోమ్ అయినా వద్దనే అంటుంది, అనడమే సబబు కూడా.

వాళ్లు పెట్టిన షరతుల్లో కొన్ని ఊహించినవే. ఒక్కొక్కరికి ఇద్దరు చుట్టాలకు మించి రాకూడదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు గేటు బయటే. మతిమరుపు ఉన్నవాళ్ల ముఖాలు ఏ గ్రూపులోనూ, ఎక్కడా పెట్టకూడదు. ఊహించనివి రెండు. హాల్లో దీపం, కర్పూరం, సాంబ్రాణి ఏదీ వెలిగించకూడదు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు అదే హాల్లో కూర్చుంటారు కాబట్టి. హారతి కావాలంటే వరండా చివరి దేవుడి గూట్లో. రెండోది, ఎవరినైనా మంచం మీదనుంచి కుర్చీలోకి దింపడం, లేపడం సిబ్బందే చేయాలి. సొంత కొడుకైనా సరే చెయ్యేయకూడదు. వీల్‌చైర్ తొయ్యడం వరకు మనకు అనుమతి.

ఎన్నింటికి పెట్టుకోవాలో మీరే చెప్పండని హెడ్ సిస్టర్‌ని అడిగాను. కేరళ అమ్మాయి, కన్నడం తెలుగు రెండూ గలగలా మాట్లాడేస్తుంది. మందుల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచింది. ఎనిమిదికి టిఫిను, ఎనిమిదిన్నరకు మాత్రలు. గుండెకూ, కాళ్లవాపుకూ మందులు వాడేవాళ్లలో చాలామందికి పొద్దున్నే నీళ్ల మాత్ర ఉంటుంది. అది వేసుకున్నాక గంటా రెండు గంటలు వాళ్లకు బాత్రూమ్ చుట్టూ తిరగడమే పని. అప్పుడు తీసుకెళ్లి హాల్లో కూర్చోబెడితే పండగ కాదు, శిక్ష. పార్కిన్సన్స్ ఉన్న తాతగారికి మాత్ర పనిచేసి చేతులు వణకడం తగ్గే సమయం ఒకటుంది, అదీ చూడాలి. పన్నెండుకు కొందరికి ఇన్సులిన్, వెంటనే భోజనం. అది తప్పడానికి వీల్లేదు. ఇవన్నీ కొట్టేయగా మిగిలింది పావుతక్కువ పదకొండు నుంచి పావుతక్కువ పన్నెండు దాకా. ఒక్క గంట. పురోహితుడికైనా, ముహూర్తానికైనా అదే గంట.

ఇక పచ్చడి. ఇంత కథ ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మనకు ఉగాది పచ్చడి అంటే పల్చటి చింతపండు రసంలో మామిడి ముక్కలు, వేపపువ్వు, కొబ్బరి. మింగడం కష్టమైనవాళ్లకు అన్నిటికన్నా ప్రమాదం అదేనట. నీళ్లూ ముక్కలూ కలిసి ఉన్న పదార్థం. నోరు ముక్క నమిలేలోపు నీళ్లు గొంతులోకి జారిపోతాయి, పొరబోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పొడిగా ఉన్న ముక్కైనా మేలు, చిక్కటి గుజ్జైనా మేలు, రెండూ కలిస్తేనే ముప్పని సిస్టర్ చెప్పింది. స్ట్రోక్ వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ వాళ్లు, మతిమరుపు బాగా ముదిరినవాళ్లు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు.

మార్చి 15, శనివారం నాడు వాళ్ల వంటింట్లోనే ఒకసారి చేసి చూశాం. మామూలు పచ్చడి ఒక గిన్నె. అదే మిక్సీలో వేసి, వడకట్టి, మింగుడు కష్టమైనవాళ్ల కోసం హోమ్‌లో వాడే చిక్కబరిచే పొడి కలిపింది ఇంకో గిన్నె. రెండోది చూడ్డానికి జామ్‌లా ఉంది కానీ నాలుక మీద పెడితే ఆరు రుచులూ ఉన్నాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పొటాషియం తగ్గించాలి కాబట్టి అరటిపండు, కొబ్బరి లేకుండా, ఉప్పు చిటికెడు వేసి మూడో గిన్నె. షుగర్ వాళ్లకు నాలుగోది, బెల్లం బాగా తగ్గించి. ఈ బెల్లం దగ్గర కుటుంబాల గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. "పంచదార కాదుగా, బెల్లం పర్లేదు" అని ఒకాయన పట్టుబట్టాడు. రక్తంలో షుగర్‌కు ఆ తేడా తెలియదండీ అని సిస్టర్ వాయిస్ మెసేజ్ పెట్టాక ఆగాడు. కప్పుల మీద రంగు స్టిక్కర్లు అంటించి, ఎవరికి ఏ రంగో వాళ్ల గది తలుపు మీద అదే రంగు అంటించాం. ఇది ఆయమ్మలు చెప్పిన ఉపాయం.

కన్నడ కుటుంబాలవాళ్లు మాకు బేవు బెల్ల చాలన్నారు, వేపపువ్వూ బెల్లమూ కలిపిందే. పని తగ్గింది. ఓళిగలు (బొబ్బట్లు) మాత్రం అందరికీ కావాలి. మా హిందూపురం వైపూ ఓళిగలే అంటాం. కొట్లో చెప్పి చేయించాం, ఒక్కోటి 30 రూపాయలు. వేడి పాలలో నానబెట్టి, నెయ్యేసి మెదిపి పెడితే పళ్లులేనివాళ్లు కూడా తిన్నారు.

మార్చి మూడోవారంలో అసలు చిక్కొచ్చింది. సెలవులు. ఉగాది మర్నాడు ఇక్కడి పల్లెల్లో హొసతొడకు, మాంసం వండుకుని బంధువులంతా కలిసే రోజు. దొడ్డబళ్లాపుర, మండ్య వైపు నుంచి వచ్చే ఆయమ్మలకు ఉగాదికన్నా అదే ముఖ్యం. ఈసారి ఆ మర్నాడే, మార్చి 31, రంజాన్ కూడా పడేలా ఉంది. ఆదివారం సాయంత్రానికి సగంమంది ఊళ్లకు వెళ్లిపోతారని మేనేజర్‌కు టెన్షన్. ప్రోగ్రామ్ రద్దు చేద్దామా అని ఒక దశలో అడిగింది కూడా. చివరికి ఆదివారం మధ్యాహ్నం దాకా ఉన్నవాళ్లకు సోమవారం సెలవు ఖాయం అని, బదులుగా అసోం, ఒడిశా నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లు సోమవారం చూసుకునేలా, వాళ్లకు ఓవర్‌టైమ్ డబ్బు మేం ఇచ్చేలా కుదిరింది. వంటింట్లో సాయం చేసే అబ్బాయి ఉపవాసంలో ఉండి కూడా ఆ వారమంతా మాతో పచ్చడికి పని చేశాడు. ఉప్పు చాలిందా అని అడిగితే నవ్వి, మీరే చూడండక్కా అనేవాడు.

పురోహితుడిని 22న కలిశాం. తెలుగాయనే, కన్నడం కూడా బాగా వచ్చు. మాకు ఒక భయం ఉండింది. మార్చి 29, 30 తేదీల్లో మీనరాశిలో ఆరు గ్రహాలు కలుస్తున్నాయని, షష్ఠగ్రహ కూటమి అని యూట్యూబులో ఏవేవో ప్రళయాలు చెబుతున్నారు. హోమ్‌లో ఫోన్ చూడగలిగినవాళ్లు అవన్నీ చూసి, చూడలేనివాళ్లకు చెప్పేశారు. ఒక అజ్జి అయితే ఉగాది దాటుతానో లేదో అని కూతురికి ఫోన్ చేసి నగల లెక్క చెప్పింది. అందుకని రాశిఫలాల్లో అనారోగ్యం, అపమృత్యువు లాంటివి చదవొద్దు స్వామీ అని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, "పంచాంగంలో ఉన్నది దాచమంటే ఎట్లామ్మా" అన్నాడు. చివరికి తిథి, వార, నక్షత్ర, యోగ, కరణాలు, సంవత్సర ఫలం, ఆదాయ వ్యయాలు చదువుతాను, మిగతాది అడిగినవాళ్లకు విడిగా చెబుతాను అన్నాడు. దక్షిణ 3,000.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మొత్తం దాదాపు 30 వేలు అయింది. సిబ్బందికి తలా 500 చొప్పున ఇచ్చిందే పెద్ద ఖర్చు, 11 వేలు. జాకెట్ గుడ్డలకు నాలుగు వేల పైన, మగవాళ్ల తువ్వాళ్లకు పదహారు వందలు, ఓవర్‌టైమ్, శుభ్రం చేయడం కలిపి నాలుగు వేలు, ఓళిగలకు 2,700, పచ్చడి సామానుకు వెయ్యి లోపే. పూలూ మామిడాకులూ ముందురోజు కొంటే పండగ ధరలు, రెండున్నర వేలయింది. కుటుంబానికి వెయ్యి, ఇష్టమైతేనే అన్నాం. ఒకాయన "నెలనెలా ఇంత కడుతున్నాం, ఇదీ మేమేనా" అన్నాడు. ఆయన మాటలో తప్పు కనబడలేదు నాకు. మిగిలింది మేం కొందరం సర్దుకున్నాం.

డబ్బుకన్నా ఎక్కువ గొడవ పసుపు కుంకుమల దగ్గర జరిగింది. హోమ్‌లో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లలో చాలామంది భర్త పోయినవాళ్లు. తాంబూలం అందరికీ ఒకేలా ఇద్దామని నేనంటే, గ్రూపులో ఒకావిడ రెండు రకాలుగా కట్టిద్దాం, లేకపోతే పెద్దవాళ్లు బాధపడతారు అంది. ఇంకొకరు అసలు పూలు, కుంకుమ తీసేద్దాం, ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు. రెండు రోజులు నడిచింది ఇది. మేనేజర్ మేడమ్ తేల్చింది. ఇదివరకు ఎవరో వచ్చి సుమంగళులకు మాత్రమే పంచి వెళ్లినప్పుడు, వారం రోజులపాటు భోజనాల బల్ల దగ్గర వాళ్లు వేరే, వీళ్లు వేరే కూర్చున్నారట. అందరికీ ఒకే సంచి, అందులో జాకెట్ గుడ్డ, మూర మల్లెపూలు, పండు. కుంకుమ భరిణె బల్ల మీద ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్లు పెట్టుకుంటారు. అలాగే చేశాం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. పండగ 30న జరిగిందని అంటున్నాను కానీ, నన్నడిగితే అది 28, 29 తేదీల్లోనే జరిగింది.

ఆ రెండు రోజులూ పదిన్నరకు భోజనాల బల్ల మీద పేపర్లు పరిచి పని పెట్టాం. చింతపండు గింజలు తీయడం, వేపపువ్వు కాడల నుంచి దూయడం, మామిడాకులు తోరణం కట్టడం. కూర్చోవాలనుకున్నవాళ్లు కూర్చోవచ్చు, లేచిపోవచ్చు. ప్రతి బల్లకూ ఒక ఆయమ్మ కాపలా, గింజ నోట్లో పెట్టుకోకుండా. సూదులు, ఈనెపుల్లలు ఇవ్వనన్నారు కాబట్టి ఆకును పురికొస మీద మడిస్తే సిబ్బంది స్టేప్లర్ కొట్టేవారు.

రోజంతా టీవీ ముందు తలవంచుకుని కూర్చునే ఒకావిడ ఉంది, కోలారు వైపు ఆమె. ఎవరు పలకరించినా పలకదు. చింతపండు ముద్ద ముందు పెట్టగానే చేతులు వాటంతటవే కదిలాయి. గింజ, పీచు, పెంకు వేరువేరు కుప్పలు. నేను కలిపేస్తే చేతి మీద ఒక్కటిచ్చింది. హెచ్‌ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన తాతగారు ఆకుకూ ఆకుకూ మధ్య స్కేలు పెట్టి కొలిచి మరీ మడిచారు. పక్కాయన మడిచినవి విప్పేసి మళ్లీ మడిచారు, దాంతో ఇద్దరికీ మాటల్లేవు ఒక పూట. సింధీ ఆవిడకు మా తోరణం తెలియదు, కానీ తమ సింధీల సంవత్సరాది చేటీచండ్ కూడా అదే ఆదివారం అని తెలిసి, తనూ వచ్చి కూర్చుని వేపపువ్వు దూసింది. అమ్మ బల్లల మధ్య వాకరుతో తిరుగుతూ ఎవరు పని చేస్తున్నారు, ఎవరు కబుర్లు చెబుతున్నారు చూసింది. ముప్పై ఏళ్ల టీచరు ఉద్యోగం ఎక్కడికి పోతుంది.

ఆ రోజుల్లో ఒక్క ఫోటో కూడా బాగా రాలేదు. అందరూ తలలు వంచుకునే ఉన్నారు.

30 పొద్దున ఏడున్నరకల్లా చేరాం. చీరలు కట్టడం మొదలైంది. మామూలు రోజుల్లో చాలామందికి నైటీలే. పండగకు పట్టుచీర కావాలని నాలుగు రోజుల నుంచి అడుగుతున్నవాళ్లున్నారు. మంచం పట్టినవాళ్లకు నైటీ మీదే లంగా వేసి, ముందే మడతలు పెట్టి కుట్టించిన చీర నడుముకు చుట్టి, పైట పిన్ను చేస్తారు. నడిచేవాళ్లకు అంచు చీలమండ పైకి ఉండాలి, కాలికి అడ్డంపడితే మళ్లీ ఆపరేషనే. ఒక్కొక్కరికి పావుగంట పైనే పట్టింది. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే చివరి ఆవిడకు పదిన్నరయింది. చేయబోయేవాళ్లు ఈ రెండు గంటలు లెక్కలో పెట్టుకోండి. బంగారం వద్దని ముందే చెప్పారు, గిల్టు గాజులు మేం తెచ్చాం.

ఇంకో సంగతి సిస్టర్ ముందే గట్టిగా చెప్పింది. మీవాళ్లు వస్తున్నారని ఎవరికీ ముందు చెప్పకండి, బండి గేట్లోకి వచ్చాకే చెప్పండి అని. అయినా ఒక తాతగారికి కొడుకే ఫోన్లో చెప్పేశాడు. ఆయన టిఫిను కూడా చేయకుండా గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. కొడుకు రాలేదు, ట్రాఫిక్ అని మెసేజ్ పెట్టాడు. ఆదివారం, అదీ పండగపూట, యలహంక రోడ్డులో ట్రాఫిక్. హెచ్‌ఎంటీ తాతగారు వెళ్లి తోరణం వంకరగా కట్టారు, వచ్చి చూడండి అని ఆయన్ను లోపలికి తీసుకొచ్చారు. కుర్చీలు గుండ్రంగా, చుట్టాలు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసిపోయేలా వేయడం కూడా సిబ్బంది ఆలోచనే.

పంచాంగ శ్రవణం బాగా నడిచింది. మైకు పెట్టలేదు, వినికిడి మిషన్లు కీచుమంటాయని. స్వామి గుండ్రంలో నడుస్తూ చదివాడు. విశ్వావసు అరవై ఏళ్లలో ముప్పై తొమ్మిదోది, పోయినసారి ఇది వచ్చింది 1965లో అనగానే హాలంతా కదిలింది. పాకిస్తాన్‌తో యుద్ధం ఆ ఏడే అని ఒకరు, ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమంటే మా ఇంట్లో మానేశాం అని ఇంకొకరు. అమ్మను ఎవరూ అడగలేదు. తనే మొదలుపెట్టింది, ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత అంటూ. ఎక్కడా తడబడకుండా క్షయ దాకా వెళ్లింది. కన్నడ అజ్జీలు కూడా మధ్యలో కలిశారు, పేర్లు ఒకటే కదా. నా పేరు దొరకని రోజులున్న మనిషికి ఆ అరవై పేర్లు ఎక్కడ దాగున్నాయో. ఏడుపొచ్చింది, కాస్త అసూయ కూడా కలిగింది, నిజం చెప్పాలంటే.

ఆదాయ వ్యయాలు చదువుతుంటే ఒక తాతగారు "ఆదాయం పెన్షను, వ్యయం ఈ హోమ్, ఇక చాలు స్వామీ" అన్నారు. పురోహితుడితో సహా అందరూ నవ్వారు. ఆరు గ్రహాల మాట ఎలాగూ వచ్చింది. నగల లెక్క చెప్పిన అజ్జే అడిగింది. ఆమెది మకర రాశి. "నిన్నటితో నీకు ఏలినాటి శని వదిలిపోయిందమ్మా, ఏడున్నరేళ్లు మోశావు" అన్నాడాయన. ఆ సంతోషం చూడాలి. ఏడున్నరేళ్ల కష్టాలన్నీ ఒక్కొక్కటే ఎంచడం మొదలుపెట్టింది, ఆపలేకపోయాం. కవి సమ్మేళనం అని పేరుకు పెడితే పార్కిన్సన్స్ తాతగారు జేబులోంచి కాగితం తీసి చదివారు, "వారమేడు నాళ్లు, ఆరు నాళ్లుప్మాయె" అంటూ. వంటాయన ముఖం చూడాల్సింది.

ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునే ఒకావిడ పడుకునే ఉంటుంది. ఆమెకు ఏమీ పెట్టకూడదు. సిస్టర్ సన్నటి దూది పుల్లను వేపపువ్వు నీళ్లలో ముంచి, పిండేసి, పెదవికి తాకించింది. ఆమె ముఖమంతా ముడుచుకుంది. "చూశారా, చేదు తెలిసింది" అని కూతురు గట్టిగా నవ్వేసింది, నెలల తరబడి ఆ ముఖంలో ఏ కదలికా చూడలేదట.

తాంబూలం దగ్గర కొందరు పూలు పెట్టుకున్నారు, కొందరు పక్కన పెట్టేశారు. కోలారు ఆవిడ మల్లెలు తలలో పెట్టమని ఆయమ్మకు తల వంచింది. ఇంకొకావిడ "నాకొద్దు, నా పద్ధతి నాది" అంది, ఎవరూ బలవంతం చేయలేదు. అమ్మ తనంతట తనే భరిణె తీసుకుని కుంకుమ పెట్టుకుంది. నాయన పోయి తొమ్మిదేళ్లు. పెట్టుకుని, "పాపా, మీ నాయన ఏడీ? పొద్దుననగా పోయినాడు" అంది. నాయన లేడని చెబితే ప్రతిసారీ అమ్మకు అది కొత్త వార్తే, అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది. కాదనకు, ఆయన గురించే అడుగు అని సిస్టర్ నేర్పింది. నాయనకు ఓళిగలంటే అంత ఇష్టమా అన్నాను. ఎన్ని తినేవాడో, నెయ్యి ఎంత పోయించుకునేవాడో, పెళ్లయిన కొత్తలో అత్తగారికి తెలియకుండా రెండు దాచిపెట్టిన సంగతి, అన్నీ చెప్పింది. నేను అంతకుముందు వినని సంగతులు అవి. పావుతక్కువ పన్నెండుకల్లా కుర్చీలో నిద్రపోయింది.

మర్నాడు సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఇద్దరు ముగ్గురికి షుగర్ పెరిగింది, ఒకరికి విరేచనాలు. ఎవరికీ పొరబోలేదు, ఎవరూ పడలేదు, రాత్రి అందరూ పడుకున్నారు. అమ్మకు ఉగాది గుర్తులేదు, అది అనుకున్నదే. కానీ బల్ల దగ్గరికొచ్చి పని ఏదని అడిగిందట. ఇప్పుడు వంటింటికి కావాల్సిన చింతపండు రెండు రోజులకోసారి అమ్మ వాళ్ల బల్ల మీదికే వస్తోంది. ఇలాంటి పనులకు పండగ అక్కర్లేదు, కాపలా ఉండే ఆయమ్మ ఒకరు దొరికితే చాలు. దసరాకు మళ్లీ పెడితే ముందు పనులు వారం రోజులు చేయిస్తాను, ప్రోగ్రామ్ అరగంటలో ముగిస్తాను.

ఏప్రిల్ 14న తమిళ కుటుంబాలవాళ్లు వాళ్ల సంవత్సరాది చేస్తామన్నారు. మేనేజర్ మేడమ్ ఈసారి పదిరోజుల గడువు చాలంది, తిండి కాగితం ఇప్పటికే డాక్టరు చూసింది కాబట్టి. మా రంగు స్టిక్కర్ల జాబితా, చీరలకు పట్టే టైము, ఫోన్ నంబర్లు వాళ్లకు ఇచ్చాను. వాళ్ల మామిడికాయ పచ్చడిలోనూ ముక్కలుంటాయి కదా, మిక్సీ, వడపోత సంగతి ముందే చెప్పాను. చిక్కబరిచే పొడి ఒక డబ్బా మిగిలింది, అదీ వాళ్లకే ఇచ్చేశాను.